అరవై ఒకటో రౌండులో చుక్క

హాడో, పోర్ట్ బ్లెయిర్
19 జనవరి 2025

చెల్లాయి శ్రావణికి,

నిన్న మీ అమ్మ, మా సింహాచలమ్మ పిన్ని, బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ ఎక్కి ఇంటికి కాదు, తిన్నగా మా వర్క్‌షాప్ గేటు దగ్గరికే వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా. "ఒరే దేవేంద్రా, మా శ్రావణికి చెన్నైలో కార్ల రేసుల ఆఫీసులో పక్కా నౌకరీ దొరికిందిరా! పహలే ముహ్ మీఠా కర్లే" అంటూ నలుగురు మెకానిక్కుల ముందు నా నోట్లో లడ్డూ కుక్కింది. నా చేతుల నిండా గ్రీజు, ఆపడానికి వీల్లేకపోయింది.

అసలు మాట ముందే రాసేస్తాను. నాకు కుళ్ళుగా ఉంది. ఆ లడ్డూ గొంతు దిగలేదు. నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఎండ్యూరెన్స్ రేసంటే ఏమిటో చెప్పింది ఎవరు? ఒక్కో కారును ఇద్దరు డ్రైవర్లు మార్చి మార్చి గంటల తరబడి నడుపుతారనీ, వేగంగా పోవడమే కాదు, బండిని చివరిదాకా బతికించుకోవడం కూడా పందెమేననీ చెప్పింది ఎవరు? నేను. ఇప్పుడు రేస్ కంట్రోల్ గదిలో ఏసీ కింద కూర్చునేది నువ్వు. హార్బరు టగ్గుల ఇంజన్ల కింద దూరి నూనె పూసుకునేది నేను. పదమూడేళ్ళ కిందట అదే చెన్నై రేసు ట్రాక్ నుంచి నాకూ వాలంటీరుగా రమ్మని పిలుపొచ్చింది. వర్క్‌షాపులో లీవ్ ఇవ్వక పోలేకపోయానని నీకు తెలుసు. అది నా రాత.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నువ్వు "హా భయ్యా, ఠీక్ హై భయ్యా" అని రెండు ముక్కలనేసి పెట్టేస్తావు. పైగా బడిలో హిందీ చదువుకున్న నీకు తెలుగు రాయడం నేర్పింది నేను. రేసు నోట్‌బుక్కుల్లో డ్రైవర్ల పేర్లు రాయించి రాయించి ఒత్తులు నేర్పాను. ఆ చేతిరాత పోతే నా కష్టం గంగలో కలిసినట్టే.

ఇక మీ ఆఫీసు వాళ్ళకు ఒక అభిమాని అర్జీ. మన ఊరి పేరు ఒక్కసారి మారింది. మీ సిరీస్ పేరు నాలుగేళ్ళలో మూడుసార్లు మారింది. ఇప్పుడేదో 'తూర్పుతీర ఎండ్యూరెన్స్ కప్' అట. మొదటి రేసు తేదీ రెండుసార్లు వాయిదా వేశారు. ఎందుకో చెప్పలేదు, పోస్టరు మాత్రం మార్చారు. ఆ పోస్టరులో కారు లేదు, ఎవరో సినిమా అమ్మాయి కళ్ళజోడు పెట్టుకుని నవ్వుతోంది. యాప్‌లో చూద్దామంటే 744తో మొదలయ్యే పిన్‌కోడ్ కొట్టగానే "మీ ప్రాంతంలో ఈ ప్రసారం లభ్యం కాదు" అంటుంది. మేము ఇండియాలో లేమా? నీ హాస్టల్ పిన్‌కోడ్ కొట్టి చూస్తున్నాను. ఎవరైనా పట్టుకుంటే నీ పేరే చెబుతాను.

అన్నిటికంటే మంట పుట్టించేది ఇంకొకటి. పోయినేడు గెలిచింది కదా అని విశాఖ అచ్చిబాబు గారి ఇరవై ఏడో నంబరు కారుకు ఈసారి నలభై కిలోల అదనపు బరువు ఎక్కిస్తారట. బాగా పరిగెత్తేవాడి కాళ్ళకు ఇసుక మూటలు కట్టడం ఎక్కడి న్యాయం? రంగుల కంపెనీ వాళ్ళ ఎనిమిదో నంబరు కారుకు మాత్రం కిలో కూడా పెంచలేదు. సిరీస్‌కు స్పాన్సరు వాళ్ళే మరి.

మార్చి రేసుకు నాకొక పాస్ పంపు. ప్రయాణం సంగతి నేను చూసుకుంటాను.

మరొకటి. రౌండ్ల లెక్క రాసే నా ల్యాప్ చార్టు నోట్‌బుక్కులు పదకొండింటిలో నాలుగోది కనబడటం లేదు. మీ ఇంట్లో ఉందేమో అమ్మను అడిగి చెప్పు.

కుళ్ళుతోనే దీవిస్తూ,
నీ అన్నయ్య
దేవేంద్ర


చెన్నై
2 ఫిబ్రవరి 2025

దేవేంద్ర భయ్యాకి,

నమస్తే. ఒత్తులు తప్పితే ఎర్ర పెన్నుతో దిద్దుకో, తిరిగి పంపకు.

నువ్వు అనుకున్నంత గొప్ప నౌకరీ కాదిది. ప్రతి కారులో అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి ఉంటుంది. కారు రౌండు ముగించి గీత దాటగానే అది కంప్యూటరుకు చెబుతుంది. లెక్కంతా దానిదే. ఆ పెట్టె ఎప్పుడైనా మొరాయిస్తే పనికొస్తుందని ఒక మనిషిని కాగితం మీద కూడా రాయమంటారు. ఆ మనిషిని నేను. మన ఇంట్లో రాసినట్టే, రౌండుకొక వరుస, గీత దాటిన క్రమంలో కార్ల నంబర్లు. చీఫ్ సర్ రోజూ అంటాడు, "ఈ కాగితం అవసరం పడకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకో."

నా కుర్చీ ముందు సన్నటి అద్దం ఉంది. అందులోంచి గీత ఒక్కటే కనబడుతుంది, ఆవల కొంచెం గ్రాండ్ స్టాండు. మలుపులు కనబడవు, బండ్లు ఆగే పిట్ కనబడదు. నిజం చెబుతున్నాను, ఇక్కడి నుంచి రేసు కనబడదు భయ్యా. నంబర్లు వస్తాయి, పోతాయి, అంతే. టీ మాత్రం బాగుంటుంది.

నువ్వు తిట్టినవన్నీ ఇక్కడి వాళ్ళూ తిడతారు. కాకపోతే తలుపు వేసుకుని తిడతారు. తలుపు తీశాక అందరూ స్పాన్సరు టోపీ పెట్టుకుంటారు. నాకూ ఒకటి ఇచ్చారు.

పాసులు ఈసారి స్టాఫుకు ఇవ్వడం లేదు. ఏమీ అనుకోకు. నోట్‌బుక్ సంగతి అమ్మను అడుగుతాను. వదినకు నా నమస్తే చెప్పు.

నీ చెల్లెలు
శ్రావణి


హాడో
18 మార్చి 2025

శ్రావణికి,

రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. మీ వదిన కావేరి "ఆ కారేమైనా మన మామగారిదా? ఛోడో జీ" అంటోంది. ఆమెకేం తెలుసు.

ఆదివారం పదకొండింటికి కూర్చున్నాను. కొత్త నోట్‌బుక్, రెండు పెన్సిళ్ళు. నాలుగు గంటల్లో బొమ్మ ఇరవై మూడుసార్లు అతుక్కుపోయింది. అతుక్కున్నప్పుడల్లా మన పాత పద్ధతే. కారు దాటే ఉంటుంది, నేను చూడలేదు కాబట్టి దాని చోట చుక్క పెట్టడం, బొమ్మ కదిలాక వెనక్కి లెక్కగట్టి ఆ చుక్క మీదే నంబరు దిద్దడం. ఉపగ్రహం నెట్టు కాలంలో నువ్వూ నేనూ పక్కపక్కన కూర్చుని ఎన్ని చుక్కలు నింపామో గుర్తుందా? ఒక్క చుక్క మిగిలినా నీకు ఆ పూట పకోడీ ఇచ్చేవాణ్ణి కాదు.

ఇప్పుడు విను. యాభై ఎనిమిదో రౌండులో వాన మొదలైంది. అక్కడి నుంచి తొమ్మిది రౌండ్లు ఇరవై ఏడో కారు పెట్టె పనిచేయలేదని వ్యాఖ్యాతలే చెప్పారు. అయినా బండి ఆగలేదు. నలభై కిలోల బరువు మోసుకుంటూనే వానలో అందరినీ దాటింది. చివరికి ఎనిమిదో కారు కంటే ముందు జెండా దాటింది. కళ్ళారా చూశాను. అచ్చిబాబు గారి కుర్రాళ్ళు గోడెక్కి ఎగిరారు. నేనూ మంచమెక్కి ఎగిరాను.

ఇరవై నిమిషాలయ్యాక ఫలితం మార్చారు. ఆ తొమ్మిది రౌండ్లకు కాగితం చూశారట, అందులో ఇరవై ఏడుకు ఎనిమిదే ఉన్నాయట. ఒక రౌండు తక్కువ. మొత్తం నూట పదకొండు. ఎనిమిదో కారుకు నూట పన్నెండు. కప్పు రంగుల కంపెనీకి!

నా చార్టులో తొమ్మిదికి తొమ్మిదీ ఉన్నాయి. ఒక్కటి కూడా ఊహ కాదు. ఆ కాసేపు దేవుడి దయవల్ల బొమ్మ అతుక్కోలేదు. ఆ కాగితం రాసింది నువ్వయితే తప్పు జరగదు, నా చేతి కింద నేర్చుకున్నదానివి. పైవాళ్ళు ఏదో చేశారు, లేదా నిన్ను లేపి ఇంకెవరినో కూర్చోబెట్టారు. ఎవరు? పేరు చెప్పు. ఆ కుర్చీలో నేనుంటే ఇలా జరిగేదా? నా బోటివాడు ఇక్కడ చుక్కలు నింపుకుంటూ ఉంటే, అక్కడ గీతకు పదడుగుల దూరంలో కూర్చుని కారును చూడలేకపోయారు. దేవుడు కళ్ళున్నవాడికి కుర్చీ ఇవ్వడు.

మీ ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. నాలుగోది రేపు.

దేవేంద్ర


చెన్నై
26 మార్చి 2025

భయ్యాకి,

ఆఫీసుకు రాయకు. దయచేసి.

అభ్యంతరం చెప్పే హక్కు జట్టుకు మాత్రమే ఉంది, అదీ ఫలితం వచ్చిన అరగంటలోపు. ఆ అరగంటా అచ్చిబాబు గారి మనుషులు విలేకర్లకు, ఫోటోలకు మధ్య నలిగిపోయి ఉన్నారు. అర్థమై పరిగెత్తుకొచ్చేసరికి టైమ్ ఖతమ్. ఇక కొత్త సాక్ష్యం ఏదైనా దొరికితేనే, అదీ నెలలోపు, జట్టు మళ్ళీ అడగొచ్చు. అభిమానులకు ఏ హక్కూ లేదు. అది రూలు.

నీ ఉత్తరాలు నోటీసు బోర్డుకు గుచ్చారు. నీకు 'అండమాన్ అంకుల్' అని పేరు పెట్టారు. టీ టైములో ఒకడు పైకి చదువుతాడు, అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నీకేమవుతాడని అడుగుతారు.

ఈ విషయం ఇక్కడితో వదిలేయ్. ఒంట్లో బాగోలేదు, ఎక్కువ రాయలేను.

శ్రావణి


హాడో
2 ఏప్రిల్ 2025

శ్రావణికి,

నవ్వావన్నమాట. సరే.

మొన్న మీ ఆఫీసు వాళ్ళు ఒక తెలివైన పని చేశారు. మా అభిమానుల గ్రూపులో నాలుగు వేల మంది గోల భరించలేక, "ఇదిగో మా పారదర్శకత" అంటూ ఆ కాగితం ఫోటో తీసి పెట్టారు. యాభై ఎనిమిది నుంచి అరవై ఆరు దాకా. నేను వర్క్‌షాపులో కంప్యూటరు మీద పెద్దది చేసి చూశాను.

అరవై ఒకటో రౌండు వరుసలో, ఎనిమిదికి ముందు, చిన్న చుక్క ఉంది.

గ్రూపులో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఈగ వాలిన మచ్చ అనుకున్నారు. ఆ కాగితాన్ని కంప్యూటరులో కొట్టినవాడికీ అంతే, నంబర్లు కొట్టాడు, చుక్కను వదిలేశాడు. అది నంబరు కోసం ఆపి ఉంచిన చోటు అని ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. అందులో ఒకడు హాడోలో ఉన్నాడు.

నేను ఏమనుకున్నానో రాస్తాను, సిగ్గు విడిచి రాస్తాను. నాకు సంతోషం వేసింది. ముందు సంతోషం, ఆ తర్వాతే మిగతావన్నీ. పిన్ని తెచ్చిన లడ్డూ అప్పుడు గొంతు దిగింది. అంతమందిలో ఏరి కుర్చీ వేసి కూర్చోబెట్టిన పిల్ల చుక్క పెట్టి నింపడం మరిచిపోయింది! పకోడీ ఇవ్వకూడదు.

గ్రూపులో పెట్టడానికి అంతా టైపు చేసి ఉంచాను. నా నోట్‌బుక్కుల్లో ఇరవై ఏళ్ళ చుక్కలున్నాయి, ప్రతి దాని మీదా దిద్దిన నంబరుంది. ఇంతకంటే కొత్త సాక్ష్యం ఏం కావాలి? అచ్చిబాబు గారి రౌండు తిరిగి వస్తుంది. నీ నౌకరీ పోతుంది. నాకు పేరొస్తుంది. మూడూ ఒకే దెబ్బకు. ఏప్రిల్ పదిహేనుతో గడువు అయిపోతుంది.

అయినా నువ్వు నా చెల్లెలివి. పదో తేదీ దాకా ఆగుతాను. నీ జవాబు చూడకుండా ఎవరికీ ఒక్క ముక్క చెప్పను. మీ వదిన మీద ఒట్టు.

దేవేంద్ర


చెన్నై
8 ఏప్రిల్ 2025

భయ్యా,

నిన్న సాయంత్రం అందింది నీ ఉత్తరం. స్పీడ్ పోస్టులో పంపావు, ఇదివరకెప్పుడూ అలా పంపలేదు.

చుక్క నాదే. వానకు అద్దం మసకబారింది. బయట తుడిచేవాడు లేడు. అరవై ఒకటిలో చప్పుడు విన్నాను, నీళ్ళు ఎగరడం చూశాను, నంబరు కనబడలేదు. ఇరవై ఏడే అని నాకు తెలుసు. కానీ చూడనిది రాయకూడదని నువ్వే నేర్పావు కదా, చుక్క పెట్టాను. తర్వాత దిద్దుదామనుకున్నాను. వాన పెరిగింది, రెండు కార్లు గుద్దుకున్నాయి, దిద్దలేదు. జెండా పడగానే చీఫ్ సర్ వచ్చి కాగితం లాక్కుపోయాడు.

గంటలోపే వెళ్ళి చెప్పాను. అప్పటికి ఎనిమిదో కారు వాళ్ళు స్టేజి మీద ఉన్నారు. చీఫ్ సర్ నన్ను పక్కకు పిలిచి "దేఖో బేటా, స్పాన్సరు కప్పు పట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు లాక్కుంటే వచ్చే ఏడు సిరీసే ఉండదు. ఒక్క రౌండే కదా" అన్నాడు. నేను ఊరుకున్నాను. నౌకరీ పోతుందని ఊరుకున్నాను. వేరే కారణం లేదు.

ఇంకొకటి కూడా ఉంది. నాలుగో నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. ఇంటర్వ్యూకు తీసుకెళ్ళాను. అందులో సగం నీ రాత, సగం నాది. చీఫ్ సర్ తిప్పి చూసి "ఇదంతా నువ్వే రాశావా?" అన్నాడు. అవునన్నాను. అట్ట మీద నీ పేరున్న చోట ముందే నా పేరు చీటీ అంటించాను. పాసులు స్టాఫుకు ఇచ్చారు, ఒక్కొక్కరికి రెండు. నువ్వొస్తే, ఆయనతో పది నిమిషాలు మాట్లాడితే, ఆ నోట్‌బుక్ ఎవరిదో తెలిసిపోతుందని ఇవ్వలేదని అబద్ధం రాశాను. నా పాసులు ఎవరికీ ఇవ్వలేదు. పెట్టెలో ఉన్నాయి.

నీ కుళ్ళు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు భయ్యా. పదో క్లాసులో నాకు ఫస్టు వస్తే నువ్వు మూడు రోజులు మాట్లాడలేదు. నాది నీకు తెలియదు. ఇక్కడికి వచ్చాక ఒక్క రేసు చూడలేదు నేను. నువ్వు మంచం మీద ఎగురుతావు, తిడతావు, ఏడుస్తావు. నేను పది మంది మధ్య పెదవి కదపకుండా నంబర్లు రాస్తాను. నీ ఉత్తరాలు వాళ్ళు చదివి నవ్వినప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? ఈయనకు ఇంకా ఇంత ఇష్టం మిగిలి ఉందే అని.

ఈ ఉత్తరం పోస్టులో వేసి, అచ్చిబాబు గారికి ఫోన్ చేస్తాను. అక్కడి నుంచి రేసు తీర్పు చెప్పే స్టీవార్డుల దగ్గరికి వెళ్తాను. నువ్వు పదో తేదీ దాకా ఆగుతానన్నావు, అందుకు థాంక్స్. నా నోటితో నేను చెప్పుకునే వీలు ఉంచావు.

శ్రావణి


హాడో
15 ఏప్రిల్ 2025

శ్రావణీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపి రాశాను.

నేను ఆగలేదు. రెండో తేదీన నీకు ఉత్తరం వేశాను. మూడో తేదీ పొద్దున్నే అచ్చిబాబు గారికి ఇంకొకటి వేశాను. మూడు పేజీలు. చుక్క సంగతి, నా నోట్‌బుక్కుల నకళ్ళు, నీ పేరు, నువ్వు నా చెల్లెలివన్న మాట, అన్నీ. ఎవరి మీద ఒట్టు పెట్టానో ఆ మనిషి పక్కగదిలో చేపలు వేయిస్తోంది, నేను కవరు అంటిస్తున్నాను.

ఎందుకు చేశానో కూడా రాస్తాను. అచ్చిబాబు గారి రౌండు కోసమని గ్రూపులో ఎవరైనా అడిగితే చెబుతాను. నీకు అది చెప్పను. నువ్వు ముందే ఒప్పేసుకుంటావేమోనని భయం వేసింది. ఒప్పుకుంటే అందరూ "ఎంత నిజాయితీ గల పిల్ల" అంటారు. తప్పు చేసినా పేరు నీకే, తప్పు పట్టినా పేరు నీకే. అది ఊహించుకుంటే కడుపు మండిపోయింది. నీకంటే ఒక్క రోజు ముందుండాలనుకున్నాను. అంతే.

నువ్వు థాంక్స్ అని రాసిన చోట చూడలేకపోయాను. కావేరికి చెప్పాను. ఆమె నా కంచంలో అన్నం వడ్డించి, తాను తినకుండా లేచి వెళ్ళింది.

నోట్‌బుక్ విషయంలో నాకు కోపం రావాలి. నిజానికి ముందు వచ్చింది. తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. పదమూడేళ్ళ కిందట వాలంటీరు పిలుపు వచ్చినప్పుడు లీవ్ ఇవ్వలేదని మీ అందరికీ చెప్పాను కదా. నేను అడగనే లేదు శ్రావణీ. అర్జీ రాసి జేబులో పెట్టుకుని వారం తిరిగాను. ఇక్కడ ఈ వర్క్‌షాపులో రేసుల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అక్కడికి పోతే నా బోటివాళ్ళు వంద మంది ఉంటారు, నన్ను ఎవరు చూస్తారు? ఓడ వెళ్ళిపోయాక అర్జీ చింపేశాను. నువ్వు నా నోట్‌బుక్ పట్టుకుని ఆ గది తలుపు తట్టావు. నేనైతే ఆ నోట్‌బుక్ నాదైనా తట్టేవాణ్ణి కాదు.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

దేవేంద్ర


చెన్నై
20 జూన్ 2025

దేవేంద్ర భయ్యాకి,

రెండు నెలలు కావాలనే రాయలేదు. ఫోను కూడా కావాలనే ఎత్తలేదు.

విచారణలో నీ ఉత్తరం నా ముందు పెట్టారు. ఇది మీ అన్నగారి చేతిరాతేనా, చూసి చెప్పమన్నారు. మూడు పేజీలూ చదివాను. నా పేరు పదకొండుసార్లు రాశావు. అవును, మా అన్నయ్య రాతే అన్నాను. అప్పటికే నేనంతా చెప్పేసి ఉన్నాను కాబట్టి దాని అవసరం వాళ్ళకు పడలేదు. అది మాత్రం నీకు తెలియాలి. అచ్చిబాబు గారు ఆ ఉత్తరం మడిచి నా చేతికిచ్చి, "తల్లీ, ఇంట్లో పెట్టుకో, బయట పడెయ్యకు" అన్నారు. పెద్దమనిషి.

తీర్పు నువ్వు పేపర్లో చూసే ఉంటావు. ఇరవై ఏడుకు రౌండు తిరిగి ఇచ్చారు. ఎనిమిది దగ్గర కప్పు తీసుకోలేక ఇద్దరూ విజేతలే అన్నారు. రెండో కప్పు చేయించారు, అది మొదటిదానికంటే చిన్నది. అచ్చిబాబు గారు దాన్ని గ్యారేజీలో నట్లు వేసుకోవడానికి పెట్టారట.

చీఫ్ సర్ అక్కడే ఉన్నాడు. నా కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు. ఇప్పుడు ఒక డ్రైవింగ్ స్కూలులో రిసెప్షన్‌లో ఉన్నాను. ఇక్కడ కార్లు గంటకు ఇరవై కిలోమీటర్లు దాటవు.

ఇప్పుడు అసలు సంగతి. ఆఫీసు నుంచి నీకు పిలుపు వస్తుంది. ఆగస్టు రేసుకు నిన్ను నా కుర్చీలో కూర్చోబెడతారు. 'రౌండు పట్టిన అభిమాని' అని పోస్టర్లు వేస్తారట. బోర్డుకు నీ ఉత్తరాలు గుచ్చి నవ్వినవాళ్ళే ఆ పోస్టరు గీస్తున్నారు. ఈసారి సినిమా అమ్మాయి బదులు నీ మొహం. నన్ను అడిగారు, వస్తాడా అని. వస్తాడన్నాను.

రా భయ్యా. ఈసారి అర్జీ జేబులో పెట్టుకుని తిరగకు. నాకు కోపం తగ్గలేదు, అది వేరే సంగతి. నీ కుళ్ళు తీరాలంటే ఆ కుర్చీలో కూర్చోవడం ఒక్కటే దారి. నాలుగో నోట్‌బుక్ ఈ పార్సిల్లోనే పంపుతున్నాను. చీటీ పీకేశాను, నీ పేరు కింద అలాగే ఉంది.

చుక్క పెట్టాల్సి వస్తే, ఎవరైనా కాగితం లాక్కోకముందే నింపు.

శ్రావణి


రేస్ కంట్రోల్ గది
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం

శ్రావణికి,

ఇది ఒక ఖాళీ ల్యాప్ చార్టు వెనక రాస్తున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్‌తో పంపుతున్నాను. ఎర్ర దుపట్టా, పై నుంచి మూడో వరుస అని చెప్పాను.

పొద్దున నాకు టోపీ పెట్టారు. పెద్ద చెక్కు లాంటి అట్ట ఒకటి పట్టుకోమని, దాని మీద 'అభిమానమే మా బలం' అని రాసి, పదిహేను ఫోటోలు తీశారు. తర్వాత ఇక్కడ కూర్చోబెట్టారు. ఇప్పుడు ఒక్కో కారులో రెండేసి పెట్టెలు పెట్టారట. నేను రాసేది ఎవరూ చూడరు. ఒకడు మాత్రం పది నిమిషాలకోసారి వచ్చి నేను రాస్తుంటే వీడియో తీసుకుని పోతున్నాడు. టీ బాగుంది, నువ్వు చెప్పినట్టే.

పదమూడేళ్ళు దీని కోసం కుళ్ళాను. నిన్ను ముంచడానికి సిద్ధపడ్డాను. ఇక్కడి నుంచి గీత ఒక్కటే కనబడుతోంది. నువ్వు ఫిబ్రవరిలోనే రాశావు. నా దగ్గర గొప్పలు పోతున్నావనుకున్నాను.

ఆవల నువ్వు కనబడుతున్నావు. ఎవరి పాస్‌తోనూ రాలేదట కదా, టికెట్టు కొనుక్కుని వచ్చావని వాచ్‌మన్ చెప్పాడు. ఇరవై ఏడు చివరి మలుపు తిరిగిందని నాకు ముందుగా తెలిసేది నిన్ను చూసే. నువ్వు లేస్తావు, దుపట్టా తీసి ఊపుతావు, నోరు పెద్దగా తెరిచి ఏదో అరుస్తావు, నాకు వినబడదు. ఆ తర్వాత నా గీత మీదికి ఒక నంబరు వస్తుంది. ఇందాక పక్కన ఎవరో పెద్దాయనతో పోట్లాడుతున్నావు. బరువు సంగతేనా? ఎనిమిదో కారు వాడి మనిషా ఆయన? నలభై ఆరో రౌండులో నిన్నే చూస్తూ ఉండిపోయి రాయడం మరిచిపోయాను. చుక్క పెట్టాను.

నేను నీకు చేసిన పనికి క్షమాపణ ఇప్పుడు అడుగుతున్నాను. ఏప్రిల్‌లో మొహం చెల్లలేదు. ఇప్పుడూ చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ పక్క సీటు ఖాళీగా కనబడుతోంది. నాకు కుళ్ళుగా ఉంది శ్రావణీ. రానా?

దేవేంద్ర


గ్రాండ్ స్టాండు
అదే రోజు

భయ్యా,

ముందు చుక్క నింపు. తర్వాత రా. టోపీ అక్కడే పెట్టి రా.

శ్రావణి